గుఱ్ఱపు యంత్రములనాటి అగ్నిమాపకులు : విధినిర్వహణమున మరణించినవారి చరిత్ర

ఊరి పసులను శత్రువులు తోలుకొనిపోవుచుండగా అడ్డపడి ప్రాణము విడిచినవానికి శిల నిలుపుట చిత్తూరు, ఉత్తరార్కాటు సీమలయందు ప్రాచీనాచారము. తెలుగువారు దానిని వీరగల్లు అనిరి, తమిళులు నడుకల్ అనిరి. ఆ శిలపై వీరుని రూపముతో బాటు అతని పేరు, అతడు ఏ పనిలో మడిసెనో ఆ సంగతి, కొన్నింట అతని వారికి విడిచిన భూమి వివరము కానవచ్చును. 1960లో ఆంధ్రదేశమునుండి మద్రాసు రాష్ట్రమునకు మారిన తిరుత్తణి తాలూకాకు గాని, దాని పొరుగున నున్న తిరువళ్లూరు, పట్టాభిరామ్ ప్రాంతమునకు గాని ఈ ఆచారము పరాయిది కాదు. పరుల సొత్తును కాపాడబోయి మరణించినవాని పేరు ఊరికి తెలిసియుండవలెనను ధర్మము ఇందు ఇమిడియున్నది. పందొమ్మిదవ శతాబ్దమున మహానగరములు పెరిగిన పిమ్మట ఇట్టి పనికి పూనుకొన్నవారు అగ్నిమాపకులు. పసుల స్థానమున సరకుల బేళ్లు వచ్చినవి, దొంగల స్థానమున నిప్పు వచ్చినది. గుఱ్ఱములు లాగు యంత్రములతో నిప్పునెదిరించిన ఆ కాలమున వారెట్లు మరణించిరి, ఆ మరణములకు హేతువేమి అను విషయము ఇచ్చట పరిశీలింపబడుచున్నది.

మన పల్లెలలో ఇల్లంటుకొనుట ఎట్టిదో అందఱెఱిగినదే. తాటాకు కప్పు, వెదురు వాసాలు, రోహిణీకార్తె గాడ్పు. ఒక ఇంట లేచిన నిప్పురవ్వ గడియలో వీధినంతటిని బూడిద చేయును. అట్టి వేళ ఊరివారెల్లరును అగ్నిమాపకులే. బావినుండి కడవలు చేతులు మారుచు వచ్చును. గాలివాలున నున్న ఇంటి కప్పును ముందుగనే పెఱికివేయుదురు. ఇల్లు కాలిన పిదప బావి త్రవ్వుటను గూర్చి సామెత పుట్టినది ఈ అనుభవమునుండియే. అయితే మట్టిగోడల ఇల్లు కాలినపుడు కప్పు కూలునే గాని, గోడ సాధారణముగా నిలిచియుండును. నాలుగైదంతస్తుల ఇటుక గిడ్డంగి కాలినపుడు జరుగునది వేఱు. ఆ భేదము తెలియనిదే అగ్నిమాపకుల మరణముల చరిత్ర బోధపడదు.

1856 జూలై 1వ తేదీన రాయపురమునుండి వాలాజా వఱకు దక్షిణదేశపు తొలి రైలుమార్గము తెఱవబడెను. నేడు పట్టాభిరామ్, తిరువళ్లూరు స్టేషనులు ఉన్న మార్గమదియే. ప్రత్తి, నీలిమందు మొదలగు సరకులు లోనాటినుండి చెన్నపురి రేవునకు చేరి, ఓడలనెక్కి లండనుకు పోవుచుండిన కాలమది. బంగాళపు జనపనార, బీహారపు సురేకారము కలకత్తానుండి అచ్చటికే పోవుచుండెను. థేమ్సు నదీతీరమున ఈ సరకులన్నియు కొండలవలె పేర్చబడిన గిడ్డంగుల వరుసలు వెలసెను. అగ్నిమాపకుల చరిత్రలో మిక్కిలి ప్రసిద్ధమైన మరణము ఆ గిడ్డంగులయొద్దనే సంభవించెను.

లండనులో అప్పటికి అగ్నిమాపక దళము ప్రభుత్వమునకు చెందినది కాదు. 1666 నాటి మహాదహనము పిదప అగ్నిబీమా వ్యాపారము పుట్టెను. బీమా కంపెనీలు తాము పూచీపడిన ఇండ్లపై లోహపు బిళ్లలను తాపించి, ఆ ఇండ్లను కాపాడుటకై తమ తమ దళములను పోషించినవి. 1833లో పది కంపెనీలు ఏకమై ఒకే దళమును ఏర్పఱచినవి. ఎనుబదిమంది పూర్తికాలపు భటులుండిన ఆ దళమునకు జేమ్స్ బ్రెయిడ్‌వుడ్ అను స్కాట్లండువాసి అధిపతిగా నియమింపబడెను.

బ్రెయిడ్‌వుడ్ 1800లో ఎడింబరో నగరమున జన్మించెను. 1824లో ఆ నగరము ఒక అగ్నిమాపక దళమును స్థాపించి, ఇరువదినాలుగేండ్ల ఈ యువకుని దాని నాయకునిగా నియమించెను. నియామకమైన కొలది వారములకే, నవంబరు 15న, నగరమున ఘోరాగ్ని ప్రమాదము సంభవించి కొన్ని దినములు మండెను. పట్టణపు పెద్దలు పదిమంది వచ్చి పది విధముల ఆజ్ఞలిచ్చుచుండ భటులకు ఎవరి మాట వినవలెనో తోచకుండెను. ఆ ప్రమాదము పిదపనే నిప్పుయొద్ద దళనాయకుని మాటయే చెల్లవలెనను నియమము ఏర్పడెను. అధికారము గలవారందఱును ఆజ్ఞలిచ్చుటకు ఉబలాటపడు దేశములన్నింటను ఈ నియమము స్మరింపదగినది.

బ్రెయిడ్‌వుడ్ ఎడింబరోలో భటులను తాపీపనివారు, వడ్రంగులు, ఇంటికప్పులు వేయువారు మొదలైన వృత్తులనుండి ఎన్నుకొనెను. ఇల్లు కట్టినవానికే అది ఎటు కూలునో తెలియునని అతని భావము. నిప్పు తఱచుగా రాత్రివేళ లేచును గావున తెల్లవాఱుటకు ముందే చీకటిలో వారికి శిక్షణ ఇచ్చెడివాడు. వీధిలో నిలిచి నీరు చిమ్ముట నిష్ఫలమనియు, నిప్పు పుట్టినచోటికి లోనికిపోయి నీరు తగిలింపవలెననియు, ఎవ్వడును ఒంటరిగా లోనికి పోరాదనియు అతడు బోధించెను. ఈ విద్యను 1830లో ఒక గ్రంథముగా వ్రాసి ప్రకటించెను. 1834 అక్టోబరు 16న బ్రిటిషు పార్లమెంటు భవనము కాలినపుడు పురాతనమైన వెస్ట్‌మినిస్టరు మహామంటపము దక్కుటకు అతని దళము చేసిన కృషి కారణము.

లోనికి పోవలెనను ఈ నియమమునకు మూలము ధైర్యప్రదర్శనేచ్ఛ కాదు. యంత్రముల శక్తి అంతవఱకే. నాటి యంత్రమన చక్రములు గల పెట్టెలో రెండు పంపులు, వానిని నడుపుటకు ఇరుప్రక్కల పొడవైన కొయ్యపిడులు. రెండు గుఱ్ఱములు దానిని లాగుకొని వచ్చును. వచ్చిన పిమ్మట గుఱ్ఱములను విప్పి దూరముగా కట్టి, పిడులకు ఇరుప్రక్కల మనుష్యులు నిలిచి పైకి క్రిందికి తొక్కవలెను. దళమువారు చాలరు గావున వీధిలోని జనమును కూలికి పిలిచెడివారు. మొదటి గంటకు ఒక షిల్లింగు, ఆపై గంటకు ఆరు పెన్నీలు, పైగా బీరు సారాయి. ఇది లండనులో వారి కూలి. బీరు ఆలస్యమైనచో పిడులు ఆగిపోయెడివట. రాగి మేకులతో కుట్టు బిగించిన తోలుగొట్టములనుండి వెలువడు ధార చాల దూరము పోజాలదు. కావున గొట్టపు మొన పట్టినవాడు మండుచున్న గోడ మొదటనే నిలువవలసివచ్చెను. ఆవిరితో నడచు పంపును 1829లోనే బ్రెయిత్‌వెయిట్, ఎరిక్‌సన్ అను ఇంజనీర్లు నిర్మించి చూపినను, లండను దళము దానిని చేకొనుటకు మఱి ముప్పదేండ్లు పట్టెను. బ్రెయిడ్‌వుడ్ స్వయముగా దాని విషయమున చిరకాలము సందేహించెను. ఎంత మహనీయుడైనను ఈ ఒక్క విషయమున అతడు కాలముకంటె వెనుకబడెనని చెప్పక తప్పదు.

గోడ ఏల కూలును? పోతయినుప స్తంభము మంటలో ఎఱ్ఱనై ఉండగా చల్లని నీరు పడినచో పగిలిపోవును. ఇనుప దూలము వేడికి సాగి, ఇరుప్రక్కల గోడలను వెలుపలికి నెట్టును. నార, ప్రత్తి, ధాన్యము మొదలగు సరకులు నీరు పీల్చి ఉబ్బి, కట్టడమును లోపలినుండి పగులదీయును. అనగా నిప్పునార్పుటకు పోసిన నీరే గోడను త్రోయునన్నమాట. బ్రెయిడ్‌వుడ్ ఈ సంగతులను చక్కగా నెఱింగినవాడు. పోతయినుప స్తంభములపై నిలిచిన గిడ్డంగులు అగ్నిమాపకులకు మృత్యుద్వారములని అతడు వ్రాసెను. మితిమీఱిన విశాలమైన గిడ్డంగులను కట్టనీయరాదని, గదికి గదికి నడుమ ఇనుప తలుపులుంచి వానిని ఎల్లప్పుడు మూసియుంచవలెనని ఏండ్ల తరబడి హెచ్చరించెను. వర్తకులు తలుపులైతే పెట్టించిరి.

1861 జూన్ 22, శనివారము. సాయంకాలము టూలీ వీధిలో కాటన్స్ రేవు గిడ్డంగిలో పొగ కనబడెను. జనపనార, ప్రత్తి, చక్కెర, బియ్యము, తేయాకు, సుగంధద్రవ్యములు, సురేకారము, వేలకొలది పీపాల పశువుల క్రొవ్వు అచ్చట నిలువచేయబడియుండెను. ఇనుప తలుపులు తెఱచియే యుండెను. నిప్పు ఒక గిడ్డంగినుండి మఱియొక గిడ్డంగికి అడ్డులేక నడచిపోయెను. నదిలో పోటు తగ్గియుండుటచే నీటిపై నుండు యంత్రమునకును నీరు చాలినంత దొరకదాయెను. కరగిన క్రొవ్వు మంటతోనే నదిలోనికి ప్రవహించి నీటిపై మండెను. వేడిమి దుస్సహమైయుండ బ్రెయిడ్‌వుడ్ భటులయొద్దకు పోయి, అలసినవారికి సేదదీర్చు పానీయమిచ్చుచు ధైర్యము చెప్పుచుండెను. రమారమి ఏడున్నర గంటలకు ఇరుకు సందులో అతడున్నవైపు గోడ ఒక్కసారిగా ఉబ్బి కూలెను. అతడును, అతనితోనున్న పీటర్ స్కాట్ అను దళోద్యోగియు ఆ శిథిలముల క్రింద మరణించిరి. బ్రెయిడ్‌వుడ్‌కు అప్పటికి అరువదేండ్లు. దేహమును వెలికితీయుటకు రెండు దినములు పట్టెను. నిప్పు పూర్తిగా ఆఱుటకు రెండు వారములు పట్టెను.

జూన్ 29న జరిగిన శవయాత్ర మైలున్నర పొడవుండెను. అంగళ్లు మూయబడినవి, నగరపు దేవాలయముల గంటలు మ్రోగినవి. అబ్నీ పార్కు శ్మశానమున అతని సమాధి కలదు. అతని భార్యకు పూర్వవివాహమున కలిగిన కుమారుడొకడు అదే దళమున చేరి, 1855లో ఒక అగ్నిప్రమాదమున మృతిచెంది అచ్చటనే పూడ్చబడియుండెను. సవతి తండ్రియు కుమారుడును ఒకే కొలువులో, ఆరేండ్ల ఎడముతో ఒకే విధమున అసువులు బాసిరి. బ్రెయిడ్‌వుడ్‌ను గూర్చి వ్రాసినవారు అతని శౌర్యమునే విస్తరించి, ఈ కుమారుని సంగతి ఒక్క వాక్యముతో దాటివేయుట కానవచ్చును. కుమారుని పోగొట్టుకొనిన పిదపను అతడు ఆరేండ్లు గోడల మొదట నిలిచెననుట శవయాత్ర పొడవుకంటె చెప్పుకొనదగిన విషయము.

టూలీ వీధిలో జరిగిన నష్టము రెండు మిలియను పౌనులని అంచనా. బీమా కంపెనీలు బెదరి రుసుములు పెంచినవి. మహానగరమును కాపాడు భారము ఇక తమకు వలదని ప్రభుత్వమునకు వ్రాసినవి. విచారణ జరిగి 1865లో శాసనము వెలువడెను. 1866 జనవరి 1న కెప్టెన్ ఐర్ మాసీ షా నాయకత్వమున ప్రజాధనముతో నడచు దళము లండనులో ఆరంభమయ్యెను. ఇరువదెనిమిదేండ్లు బ్రెయిడ్‌వుడ్ సేవచేసినపుడు కానిది అతని మరణముతో నైనదని పలువురు వ్రాసిరి. ఇది సత్యములో సగమే. ప్రభుత్వమును కదల్చినది ఇద్దఱు మనుష్యుల మరణముకంటె రెండు మిలియనుల నష్టమని ఆ క్రమమును చూచినవారికి తోచకపోదు. ఉత్తరము వ్రాసినవి బీమా కంపెనీలే గదా.

అమెరికాయందును ఇదే కథ వేఱు వేషమున కానవచ్చును. 1872 శరత్కాలమున అచ్చటి గుఱ్ఱములకు అంటుజ్వరము వ్యాపించెను. బోస్టను నగరపు దళములోని గుఱ్ఱములు నిలువలేకుండెను. నవంబరు 9వ తేదీ రాత్రి నగరమున నిప్పు లేచినపుడు మనుష్యులే త్రాళ్లుపట్టి ఆవిరి యంత్రములను లాగుకొనిపోయిరి. 65 ఎకరములలో 776 కట్టడములు నశించినవి. మృతులలో అగ్నిమాపకులు పలువురుండిరి. గుఱ్ఱములు లేకపోవుటచే ఊరు కాలినదని నాడును నేడును చెప్పుట వాడుక. కాని పిమ్మట జరిగిన విచారణలో ఆ ఆలస్యము కొలది నిమిషములే అని తేలెను. ఇరుకు వీధులు, సన్నని నీటిగొట్టములు, ఎత్తైన మేడలపై కొయ్యకప్పులు, ఆ కప్పుల క్రింద సరకులు అసలు కారణములు. ఇవి మార్పవలెనని దళాధిపతి జాన్ డామ్రెల్ అంతకుముందే నగరపాలకులను హెచ్చరించియుండెను. అతని మాట చెవినిబెట్టినవారు లేరు. నోరులేని జంతువులపై నేరము మోపుట పాలకులకు సులువైనది. డామ్రెల్ తరువాత భవనముల పరీక్షాధికారియై శేషజీవితమును కట్టడముల నియమములకే వినియోగించెను. నిప్పునార్పుటకంటె గోడను సరిగా కట్టించుట మేలని అతడు గ్రహించియుండవలెను.

గుఱ్ఱముల యుగము ముగియవచ్చిన కాలమున 1910 డిసెంబరు మాసము మిక్కిలి క్రూరమైనది. 21వ తేదీన ఫిలడెల్ఫియాలో ఒక తోలు కర్మాగారము కాలి కూలగా పదిమందికిపైగా అగ్నిమాపకులు మరణించిరి. మఱునాడు తెల్లవాఱుజామున నాలుగు గంటలకు చికాగో పశువుల సంతయందలి మాంసపు గిడ్డంగిలో నిప్పు లేచెను. చలికి నీరు గడ్డకట్టునని అచ్చటి నీటికొళాయిలు కొన్ని మూయబడియుండెను. ధార సరిగా రాకుండుటచే భటులు గిడ్డంగి ప్రక్క సరకులు దింపు అరుగుపై, పైన పందిరివంటి కప్పు క్రింద నిలిచి, దగ్గఱనుండి నీరు చిమ్మవలసివచ్చెను. వారి వెనుక రైలుపెట్టెలు అడ్డుగోడవలె నిలిచియుండెను. ముందునుండి గోడ కూలినపుడు తప్పుకొన దారిలేక దళాధిపతి జేమ్స్ హోరన్‌తో సహా ఇరువదియొక్కరు మరణించిరి. 2001 సెప్టెంబరు 11న న్యూయార్కులో 343 మంది అగ్నిమాపకులు మరణించు వఱకు, కట్టడము కూలుటచే ఇంతమంది అగ్నిమాపకులు ఒక్కచోట చనిపోయిన దుర్ఘటన ఆ దేశమున లేదు.

లండను, చికాగో ప్రమాదములను ప్రక్కప్రక్కన ఉంచి చూచినచో ఒక సామ్యము తేటపడును. మనుష్యులు లోపల చిక్కుకొనియున్న ఇండ్లు కావవి, సరకులున్న కొట్లు. రెండింటను ప్రాణము తీసినది మంట కాదు, గోడ. నాయకుడు సామాన్యభటులతో బాటు అదే గోడ క్రింద నిలిచియుండెను. తలుపు తెఱచియుంచినవాడు, కొళాయి మూసినవాడు ఆ సమయమున అచ్చట లేరు. దేవతార్చన దీపమువలన అంటుకొనిన పూరింటికిని దీనికిని ఎంతో అంతరము కలదు. పూరింటి నిప్పులో ఎవరి అజాగ్రత్త ఫలము వారనుభవింతురు. గిడ్డంగి నిప్పులో ఒకరి లాభమునకై మఱియొకరు ప్రాణము పణమొడ్డుదురు.

భారతదేశమున బొంబాయి నగరము ఈ విషయమున ముందు నడచెను. 1855లో పోలీసువారి చేతిక్రింద గుఱ్ఱపు యంత్రములతో ఆరంభమైన దళము 1887లో నగరపాలక సంస్థ వశమయ్యెను. 1890లో లండను దళమునుండి డబ్ల్యు. నికల్స్ అను అధికారి వచ్చి నాయకత్వము వహించెను. బ్రెయిడ్‌వుడ్ నాటిన విద్య ఈ మార్గమున మన తీరమునకు చేరెననవచ్చును. 1907లో అచ్చటికి తొలి మోటారు యంత్రము వచ్చెను. చెన్నపురి సంగతి వేఱు. 1886 డిసెంబరు 31వ తేదీన పీపుల్స్ పార్కు తిరునాళ్లలో పందిళ్లంటుకొని వందలకొలది జనులు, వారిలో పెక్కురు స్త్రీలు, బాలురు, దగ్ధమైరి. నగరమునకు అగ్నిమాపక దళము ఏర్పడినది 1908లో. ఇరువదిరెండేండ్ల వ్యవధి! టూలీ వీధి కాలిన నాలుగేండ్లకు లండనుకు శాసనము వచ్చినది. పార్కులో కాలినవి బీమా చేసిన గిడ్డంగులు కావు.

గుఱ్ఱములు పోయినంతనే గోడల క్రింది మరణములు పోయినవి కావు. లండనులో చివరి గుఱ్ఱములు 1921లోను, న్యూయార్కులో 1922లోను కొలువు వీడినవి. 1944 ఏప్రిల్ 14న బొంబాయి విక్టోరియా రేవున ‘ఫోర్ట్ స్టికిన్’ అను ఓడలో నిప్పు లేచెను. ప్రేలుడు పదార్థములు, కరాచీలో ఎక్కించిన ప్రత్తిబేళ్లు ఒకే ఓడలో పేర్చబడియుండెను. ఆర్పుటకు పోయిన అగ్నిమాపకులలో అరువదియార్గురు సాయంకాలము నాలుగు గంటలకు పైని జరిగిన రెండు ప్రేలుడులలో అసువులు బాసిరి. యంత్రము మోటారుదైనను, ప్రత్తియు ప్రేలుడుమందును ఒకచోట నుంచరాదను పాత నియమమును మీఱినది మనుష్యుడే. ఏటేట ఏప్రిల్ 14న దేశమంతటను అగ్నిమాపక దినము జరుపబడుట వీరి స్మృతికొఱకే. ఆవడి, పట్టాభిరామ్ వైపు పాఠశాలలలోను, కర్మాగారములలోను ఆ వారమున నిప్పునార్పు పద్ధతులు ప్రదర్శింపబడుట కలదు. ఏప్రిల్ నెలనే ఏల ఎన్నుకొనిరని అడిగిన విద్యార్థికి చెప్పవలసిన సమాధానమిది.

ఇక స్మారకముల మాట. న్యూయార్కున రివర్‌సైడ్ డ్రైవులో 1913లో నిలిపిన అగ్నిమాపకుల స్మారకముపై యంత్రమును లాగుచు పరుగెత్తు గుఱ్ఱముల శిల్పము కలదు. విధినిర్వహణమున చచ్చిన గుఱ్ఱములకై జంతుహింసా నివారణ సంఘమువారు 1927లో ఆ ఆవరణముననే ఒక ఫలకమును చేర్చిరి. గంట మ్రోగినంతనే తమంత తామే కాడిక్రిందికి వచ్చి నిలుచునట్లు నేర్పబడిన జీవములవి. బ్రెయిడ్‌వుడ్‌కు టూలీ వీధిలో అతడు పడినచోటికి చేరువనే శిలాఫలకము కలదు. పీటర్ స్కాట్ పేరు మాత్రము ఎవరో వెదకినగాని దొరకదు. చికాగోలో ఆ గోడ కూలిన తొంబదినాలుగేండ్లకు, 2004లో, పాత పశువుల సంత సింహద్వారము వెనుక అగ్నిమాపకులకు కంచు విగ్రహము నిలుపబడెను.